ఉప్పు గంజి

చేతిలో ఏముందో చూసుకోకుండా బేరానికి దిగకూడదనేవాడు లేయా తండ్రి. నూజివీడులో మామిడి వ్యాపారి ఆయన. పూత చూసి కాపు చెప్పేవాడు. ఆ లెక్కన చూస్తే, స్వరాజ్యం వచ్చాక మొదటి వేసవిలో లేయా చేతిలో ఉన్నవి చనిపోయిన కూతురి గాజులు రెండు, ఏడాదిగా ఇంటిముఖం చూడని భర్త!

భర్త డాక్టర్ ప్రభాకరరావు. విశాఖపట్నంలో వైద్యవిద్యార్థులకు పాఠాలు చెబుతూ, పల్లెల్లో పసిపిల్లల్ని పొట్టనబెట్టుకునే విరేచనాల మీద పరిశోధన చేసేవాడు. అంతటివాడి కూతురు, మూడేళ్ళ ప్రమీల, నిరుడు మామిడిపళ్ళకు ఈగలు ముసిరే రోజుల్లో ఆ జబ్బుతోనే పోయింది. "కడుపు జారేటప్పుడు చుక్క నీళ్ళు తగలకూడదు" అంది అత్తగారు రిబ్కమ్మ. ఊరంతా చేసేదీ అదే. "అమ్మా, నీళ్ళు..." అని బిడ్డ చేతులు చాస్తుంటే, లేయా తన చేత్తో తానే నీళ్ళకుండ ఉట్టి మీద పెట్టింది! మర్నాడు విశాఖ నుంచి వచ్చిన భర్త అడిగింది ఒక్కటే: "నీళ్ళిచ్చారా?" జవాబు విని గుమ్మం దిగిపోయాడు.

ఆయన చొక్కా ఒకటి దండెం మీద ఉండిపోయింది. దుమ్ము పడితే ఉతికి, మళ్ళీ అక్కడే వేసేది లేయా. బస్సు హారన్ వినబడితే చాలు, వీధిలోకి వచ్చేది... ఏడాదిపాటు ఆ ఒక్క ప్రశ్నే తలుచుకుని తలుచుకుని, మందు అందులోనే ఉందని, ఒంట్లోంచి పోయిన నీళ్ళు పోయినట్టే తిరిగి పట్టాలని ఆమెకు అర్థమైంది.

ఈసారి మామిడితోటలో కోత కూలికి వచ్చిన యలమంద కూతురికి అదే జబ్బు చేసింది. లేయా గంజిలో ఉప్పు కలిపి పరుగెత్తింది. రిబ్కమ్మ వెంటపడి చెయ్యి పట్టుకుంది.

"పిల్లని చంపుతావే!"

"ఇవ్వక చంపిన చెయ్యే ఇది, అత్తయ్యా! ఇచ్చి చూడనివ్వండి!"

చెంచా చెంచా పట్టింది. పొద్దుటినుంచీ లేనిది, పొద్దువాలేసరికి పిల్ల ఒంటికి పోసింది. "పోసిందమ్మోయ్!" అంటూ యలమంద పెళ్ళాం ఏడుస్తూనే నవ్వింది.

ఆ సాయంత్రం లేయా భర్తకు కార్డు రాసింది. 'ఒక్కసారి రండి' అని రాయాలని ఎంత ఉన్నా చెయ్యి సాగలేదు... తండ్రి కాయల లెక్క రాసినట్టు రాసింది: "ఒకరికి గంజి పోశాను. బతికింది." ఆగిరిపల్లి దాకా గడపగడపా తిరిగింది. వారానికో కార్డు. "నలుగురు. నలుగురూ బతికారు." "ఏడుగురు. ఒకరు దక్కలేదు, ఆలస్యంగా పిలిచారు." ఏ కార్డులోనూ తన గోడు లేదు. ఆ అంకెల్లో ఉన్నదంతా తన గోడే!

కోతలు ముగిసే వేళ ప్రభాకరరావు బస్సు దిగాడు, వెంట ఆరుగురు విద్యార్థులతో. పెరట్లో గంజి కాస్తున్న లేయా గబుక్కున లేచి నిలబడింది.

"ఎలా కాయాలో, ఎలా పట్టాలో ఈవిడ్ని అడిగి రాసుకోండి" అన్నాడు వాళ్ళతో. ఆపైన ఆమెవైపు తిరిగాడు. "నీళ్ళు పట్టండని ఊరూరా చెప్పాను లేయా... మన వంటింట్లో ఒక్కసారీ చెప్పలేదు! తప్పు నాదే. నీ మొహం చూడలేక పారిపోయాను..."

"కుండ ఉట్టెక్కించమన్నది నేనురా అబ్బాయ్!" రిబ్కమ్మ బావురుమంది. అంతలోనే కొంగుతో మొహం తుడుచుకుని, "ఆరుగురిని తెచ్చావు, చెప్పాపెట్టకుండా! అన్నం ఎవరొండుతారనుకున్నావ్?" అంది.

"దాహంగా ఉంది లేయా... నీళ్ళియ్యి" అన్నాడతను.

లేయా కుండలో చెంబు ముంచి ఇచ్చింది. అతను చుక్క మిగల్చకుండా తాగాడు.

తోటలు ఖాళీ అయ్యాక, తన చేతిలో ఏముందో లేయా చూసుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో పంతొమ్మిది మంది పిల్లలు ఆడుకుంటున్నారు. దండెం మీది చొక్కా ఆయన ఒంటి మీదికి చేరింది. గాజులు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి.