ఐసు తీసుకెళ్లిన దొంగ

2003 చైత్రంలో, ఏజెన్సీ బంద్ నాటి పొద్దున్న, గాయత్రి చెప్పులైనా వేసుకోకుండా వచ్చి అరకులోని ఎస్టీడీ బూత్ ముందు నిలబడింది. బూత్ తవిటమ్మది. వెనక గదిలో సోంబరు డిటెక్టివ్ పని చేస్తాడు. రైల్వే పోలీసులో పాతికేళ్లు చేసి దిగిన కొండ మనిషి. కొండల్లో డిటెక్టివేమిటని నవ్వినవాళ్లకి ఫోన్ కలపడం తవిటమ్మ మానేసింది. ఆయన కంటపడ్డ చీమైనా ఊరూపేరూ చెప్పి కదలాల్సిందేనని ఆవిడ నమ్మకం.

"మా ఇంజక్షన్ పోయిందండీ. రాత్రి ఎనిమిదింటికి పడకపోతే అంతా పోయినట్టే," అంది గాయత్రి.

ఆమె బడి టీచరు. పెళ్లయి పదకొండేళ్లు. టెస్ట్‌ట్యూబ్ బేబీ కోసం విశాఖలో చికిత్స ఒకసారి విఫలమైంది. ఇది రెండోది, ఇదీ పోతే ఇక తన వల్ల కాదని భర్త ధర్మతేజకి చెప్పేసింది కూడా. సోంబరు కుర్చీ జరిపి మొదటినుంచి చెప్పమన్నాడు.

"పది రోజులు రోజుకో సూది. నెలకి ఒక్కటే పండే అండాలు, ఆ మందుతో పదీ పన్నెండూ పెరుగుతాయి. సైజుకి వచ్చాయని నిన్న స్కాన్‌లో చెప్పారు. పోయింది వాటిని పండించే సూది. అది పడ్డ ముప్పై ఆరు గంటలకి అండాలు తీస్తారు. ముందైతే పచ్చివి, ఆలస్యమైతే జారిపోతాయి. ల్యాబ్‌లో మా ఆయన కణాలతో కలిపి, మూడో రోజుకి పిండాలైతే మంచివి చూసి నా కడుపులో పెడతారు. ఆపైన రెండు వారాలు ఎదురుచూడ్డమే."

"ఇంకోటి తెప్పించలేరా?"

"విశాఖ నుంచి పొద్దుటి రైలు బయల్దేరిపోయింది. బంద్‌కి ఘాట్ రోడ్డు మూసేశారు. రేపటికి గాని రాదు."

"అనుమానం?"

గాయత్రి తల దించుకుంది. "అత్తగారు ఈ సూదులు వద్దంటూనే ఉన్నారు."

తవిటమ్మ బూత్‌కి తాళం వేసి వాళ్ల వెంట నడిచింది.

గాయత్రి ఇంట్లో, కరెంటుని నమ్మలేక మందుని ఐసు ఫ్లాస్కులో ఉంచారు. మూత బిగించే ఉంది. సిరంజి పక్కనే ఉంది. మందు సీసా లేదు, ఐసు సగమే ఉంది, కరిగిన నీళ్లు మాత్రం అడుగున కాస్తే. ఐసు ముక్కకి అంటుకున్న రెండు సామగింజల్ని సోంబరు గోటితో తీసి తవిటమ్మకి చూపించాడు. ఆ ఇంట్లో సామలు వండరు.

"ఐసు నిండా పోసింది నేనే," అంది రోజూ సూది వేసే నర్సు జయశ్రీ. "పనిచేసే గంగకీ పెద్దావిడకీ అర్థమయ్యేలా చెప్పాను కూడా. గింజ పండాక తీసి, మొలకెత్తించి, మళ్లీ వేస్తారని."

అత్తగారు యర్రమ్మ గుమ్మంలోనే కూర్చుంది. "నాను ముట్టుకోలేదు బావూ. సూదులొద్దన్నాను, నిజిమే. మా కోడలు గుంట ఒళ్లు కమిలిపోతంటే సూళ్లేక అన్నాను."

"ఆ గంగ ఏది?" అన్నాడు సోంబరు.

"బేగి పని సేసుకుని ఎల్లిపోనాది. ఆళ్లూళ్లో ఇత్తనాల పండగంట."

సోంబరు బూత్‌కి వెళ్లి, తవిటమ్మ తాళం తీస్తే విశాఖ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, డుంబ్రిగుడ వైపున్న గంగ ఊరికి కాలిబాట పట్టాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే అని తవిటమ్మ మధ్యాహ్నమంతా గింజుకుంది. నాలుగింటికి ఆయన గంగని వెంటబెట్టుకుని వచ్చి, అందరినీ వరండాలో కూర్చోబెట్టాడు.

"మందు పాడుచేసేవాడు సీసా పగలగొడతాడు. అమ్ముకునేవాడు సిరంజి కూడా పట్టుకెళ్తాడు. ఈ దొంగ ఐసు తీసుకెళ్లింది. అంటే మందు చెడిపోకూడదని భయపడింది. అంతకుముందే ఆ చేత్తో సామ విత్తనం పట్టుకుంది. మా ఊళ్లలో చైత్రంలో ఇంటికో గుప్పెడు విత్తనం దేవత రాయి ముందు పెడతాం. పూజారి చెయ్యి పడందే ఏ గింజా నేలలో వెయ్యం. తన ఇంటి సామలతోపాటు గంగ ఈ ఇంటి వంతూ పట్టుకెళ్లింది."

గంగ ఒళ్లో ఉన్న, నీళ్లు పట్టుకునే ఆనపబుర్రలోంచి తడిగుడ్డ తీసి విప్పింది. సీసా మూత సీలు చెదరలేదు.

"ఊటనీళ్లలోనే ఉంచినానమ్మా. మందని తెల్సు. గానీ ఏస్తన్నది గింజే కదా. కిందటేడు దేవతకి సూపించకుండా ఏసేసినారు, నిలవలేదు."

చల్లగా ఉండి సీలు కదలకపోతే వాడొచ్చని డాక్టరు చెప్పినట్టు సోంబరు వివరించాడు. ధర్మతేజ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. గాయత్రి గంగ పక్కన నేలమీద కూర్చుంది.

"అడిగితే ఇచ్చేదాన్ని కదే."

"నవ్వుతారనుకున్నానమ్మా."

గాయత్రి అత్తగారివైపు తిరిగింది. "మీరు తీశారనుకున్నానత్తా. తప్పయిపోయింది."

"నువ్వే దాసేసినావనుకున్నాను నాను," అంది యర్రమ్మ. "మల్లీ పోతే ఏడవలేక. అందుకే ఎతకమని ఒక్కల్నీ అన్లేదు."

ఎనిమిదింటికి జయశ్రీ సూది వేస్తుంటే గాయత్రి తన చెయ్యి అత్తగారి చేతికిచ్చింది.