మూడో పేరా

"మీ గడియారం తప్పు," అన్నాను, తలుపు తట్టకుండానే.

"మా గడియారం తప్పయితే అందరి లెక్కలూ తప్పాలి, మీదొక్కటే కాదు. కూర్చోండి," అంది తలెత్తకుండా.

ఆమె మా అబ్జర్వేటరీలో గడియారాల ఇంజనీరు. ఆమెతో పోట్లాడ్డానికి వారానికి రెండు కారణాలైనా వెతుక్కుంటాను. ఎందుకో నాకు తెలుసు, ఆమెకి చెప్పే ధైర్యమే లేదు.

నా పని ఒక పల్సార్‌ని, అంటే గిర్రున తిరిగే ఒక చచ్చిన నక్షత్రాన్ని, తూచడం. అది ఒక చిన్న మరుగుజ్జు నక్షత్రంతో జంటగా తిరుగుతూ, సెకనుకి మూడొందల సార్లు రేడియో సంకేతం పంపుతుంది. ఆ మరుగుజ్జు అడ్డొచ్చినప్పుడు, దాని బరువు వల్ల సంకేతాలు సెకనులో లక్షో వంతు ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యం ఎంతో సరిగ్గా తెలిస్తే రెండిటి బరువూ తేలుతుంది.

పల్సార్‌కి నాకు తేలింది దాదాపు మూడు సూర్యుళ్ల బరువు. అంత బరువే ఉంటే అది ఎప్పుడో కుప్పకూలి బ్లాక్ హోల్ అయిపోయేది. నాలుగింటికి మీటింగ్‌లో అందరి ముందూ ఆ అంకె చెప్పాలి. అప్పటికే రెండున్నర.

"పోయిన నెల గడియారం కేబుల్ మార్చాం. అప్పట్నించి మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షో వంతు, తేడా వస్తోంది. సవరణ ఫైలు పంపాను, వాడారా?"

"ఏ ఫైలు?"

కుర్చీ నా వైపు తిప్పింది. "మూడు మెయిళ్లు పెట్టాను."

"చూశాను. 'గడియారం బాగానే ఉంది, కాకపోతే' అని ఉంది."

"ఆ 'కాకపోతే' తర్వాత ఏముందో చూడాలనిపించలేదా?"

ఏదీ చివరిదాకా వినవని మా అమ్మ కూడా తిడుతుంది. ఒళ్లు మండింది, ఎక్కువగా నా మీదే. ఆమె కంప్యూటర్‌లోనే ఫైలు వేసి లెక్క మళ్లీ చేశాను. బయట వాన మొదలైంది. పావుగంటకి కొత్త అంకె వచ్చింది.

రెండు పాయింట్ ఒకటి సూర్యుళ్లు.

"హమ్మయ్య. ఇప్పటికీ బరువైనదే, కానీ కుప్పకూలేంత కాదు," అన్నాను. "పరువు దక్కింది."

"ఇప్పుడైనా ఆ మెయిల్ చదవండి. పూర్తిగా."

ఫోన్ తీశాను. మొదటి పేరాలో కేబుల్, రెండో పేరాలో ఫైలు. మూడో పేరా ఒకే వాక్యం: 'ఇక్కడిదాకా చదివితే, శనివారం కాఫీకి వస్తారా?'

మిగతా రెండు మెయిళ్లలోనూ అదే.

"మూడు శనివారాలు," అంది. చెవులు ఎర్రబడ్డాయి. "చదవలేదా, చదివి ఊరుకున్నారా అని బుర్ర పాడుచేసుకున్నాను."

"మీటింగ్ అవగానే వెళ్దాం. శనివారందాకా నేనాగలేను."

"ఇకనించి నా మెయిళ్లు చివరిదాకా చదువుతావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"చదువుతాను. కానీ ముఖ్యమైనవి మూడో పేరాలో పెట్టకు, ఎదురుగా చెప్పు."

"ముందు నువ్వు చెప్పు."

చెప్పాను. నాలుగింటి మీటింగ్‌కి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను.