పిడి ఉన్న బకెట్లు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఆ కుర్చీ వద్దు, నా మంచం మీదే కూర్చో, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. మా గోడకి అవతలి వాటాలో ఉండే అత్తాకోడళ్ళ సంగతి చెబుతాను. సగం అత్తగారు చెప్పింది, సగం కోడలు చెప్పింది. మిగిలినదంతా ఆ గోడ చెప్పింది. పలచటి గోడ, దాని తప్పేముంది!

ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లారింది. అవతల కుక్కరు కూత వేసింది, కుళాయి దగ్గర బిందె నిండి పొర్లింది. కోడలు జడపిన్ను పళ్ళతో కరిచి పట్టుకుని జడ అల్లుకుంటూనే గట్టు మీద పెట్టిన ఫోనులోకి చూస్తోంది. ఆ అమ్మాయి రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ చీటీ లేని గొట్టం ముట్టుకోరు, గడువు తేదీ దాటిన మందు వాడరు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఉప్పు డబ్బాకి చీటీ, పంచదార డబ్బాకి చీటీ, ఆఖరికి మొగుడి స్క్రూడ్రైవర్ల పెట్టెకీ చీటీ. మొగుడు కరెంటు పని చేస్తాడు. “నా నుదుటి మీద కూడా ఒకటి అంటించు, ఎక్కడైనా తప్పిపోతే తెచ్చి ఇస్తారు” అని నవ్వేవాడు.

ఇంటి వెనక, బట్టలారేసే తీగకీ గోడకీ మధ్య కొంచెం జాగా ఉంది. ఇటుక ముక్కలు ఏరించి, మట్టి తవ్వించి, అక్కడ తోట వేయాలని కోడలికి బుద్ధి పుట్టింది. ఊరికే వేస్తుందా! ఆన్‌లైన్లో తోటల ప్లాను గీసే సైటు ఒకటి పట్టింది. జాగా పొడవూ వెడల్పూ చెబితే అది గళ్ళు గీసి ఇస్తుంది. కావలసిన మొక్క బొమ్మని వేలితో లాగి గడిలో వదిలితే చాలు, ఎప్పుడు నాటాలో, ఎప్పుడు నీళ్ళు పోయాలో, కాయ ఎప్పుడు కోయాలో అన్నీ అదే చెబుతుంది. మరిచిపోతే కుయ్యిమని మోగుతుంది.

ఎంతైనా పగలు ఇంట్లో ఉండేది అత్తగారే. అందుకని కోడలు ఆ ప్లానుని ఆవిడ ఫోనులో కూడా పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

“ఇదిగో అత్తయ్యా, ఇలా పక్కకి జరిపితే వచ్చే నెల, ఇంకా జరిపితే ఆపై నెల. పచ్చగా ఉంటే మొక్క పెరుగుతోందని. పసుపు వస్తే కోతకొచ్చిందని. బూడిదరంగంటే ఆ గడిలో ఏమీ లేదని.”

“బాగుందమ్మాయ్. మట్టి అంటదు, పురుగు పట్టదు, మేక దూరదు. కూర మాత్రం ఎందులో వండుకుంటాం, ఫోనులోనేనా?” అంది అత్తగారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

అలా నవ్వుకున్నవాళ్ళే మెల్లమెల్లగా ముభావంగా అయిపోయారు. ఎందుకంటే ఫోనులో తోట నిండుగా కళకళలాడుతోంది, పెరట్లో మాత్రం కాస్త పాలకూరా, కాస్త కొత్తిమీరా తప్ప తవ్విన నేల తవ్వినట్టే ఉంది. కోడలు ముచ్చటపడి తెచ్చిన నిమ్మమొక్క, టమాటా, మిరప అన్నీ గోడ వారగా పెయింటు బకెట్లలో వరసగా నిలబడ్డాయి. కొత్త ఇళ్ళలో పని అయ్యాక కొడుకు తెచ్చిన ఖాళీ బకెట్లు అవి. ఒక్కొక్కదానికీ ఇనప పిడి.

ఆ పొద్దున్న ఫోను మళ్ళీ మోగింది.

“అత్తయ్యా, నిమ్మ ఇంకా నాటలేదా? ఎర్రగుర్తు చూపిస్తోంది.”

“నాటుతాలే అమ్మాయ్.”

“నిన్నా అదే అన్నారు.”

“మొక్క బాగానే ఉందిగా, బకెట్లో దానికేం లోటు?”

కోడలు జడపిన్ను విసురుగా పెట్టుకుంది. కొడుకు అటూ ఇటూ చూసి, “మీ ఇద్దరి మధ్యా నేను ఫ్యూజు వైర్లాంటివాణ్ణి. ఎవరికి వేడెక్కినా ముందు కాలేది నేనే” అని చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

అత్తగారికి ఇద్దరు కొడుకులు. మొగుడు పోయాక అమ్మ ఎక్కడ ఉండాలని మాట వచ్చినప్పుడు అన్నదమ్ములు వంతులు వేసుకున్నారు. సగం ఏడాది ఇక్కడ పెద్దాడి దగ్గర, సగం ఏడాది చిన్నాడి దగ్గర. గొడవలేమీ లేవు, ఇద్దరూ బాగానే చూసేవారు. ఆవిడ కూడా నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. వంతు మారేటప్పుడు సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చునేది.

ఆ పొద్దున్న పెద్దాడు ఇంకా చెప్పులు వెతుక్కుంటుండగానే చిన్నకొడుకు ఫోను చేశాడు. మాట్లాడి పెట్టేసి ఆవిడ చాలా మామూలుగా అంది:

“ఆదివారం వాడే వస్తాడట. వ్యాను తెమ్మన్నాను. బకెట్లన్నీ పట్టాలిగా.”

కోడలు చేతిలో టిఫిన్ డబ్బా మూత అలాగే ఆగిపోయింది.

“బకెట్లా? అన్నీ తీసుకెళ్ళిపోతారా?”

“నీకేదైనా కావాలంటే ఉంచుకో అమ్మాయ్.”

“కావాలంటేనా? ఆ నిమ్మ నేను తెచ్చింది అత్తయ్యా! ల్యాబులో అందరికీ చెప్పుకున్నాను, మా అత్తయ్యా నేనూ కలిసి తోట వేస్తున్నామని. ఇన్నాళ్ళూ ఈ మట్టిలో ఒక్క మొక్కా నాటకపోతే, చాదస్తంలే అని ఊరుకున్నాను. ఇదన్నమాట సంగతి. చిన్న కోడలి కోసం పెంచుతున్నారని ఒక్క మాట చెప్పుంటే నేను కూడా మోసి పెట్టేదాన్నిగా!”

“అలా అనకు” అని కొడుకు అడ్డొచ్చాడు.

“మీరుండండి. ఈ రోజు ఆవిడ్నే చెప్పమనండి. నా ఇంట్లో నేలకేం తక్కువైంది?”

అత్తగారు చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. కోపం తెచ్చుకోలేదు. సరుకులు ఎక్కడ పెట్టిందో చెబుతున్నట్టు నింపాదిగా చెప్పింది.

“అక్కడ నేలలో నాటాను కాబట్టే ఇక్కడ నాటలేదమ్మాయ్. చిన్నాడింట్లో చిక్కుడు పాదు పెట్టాను. పందిరంతా అల్లుకుని పూత మీదుండగా నా వంతు అయిపోయి ఇటొచ్చాను. మళ్ళీ వెళ్ళేసరికి పాదు లేదు, టైల్సు పరిచారు. బండి మట్టిలో దిగబడుతోందట. వాళ్ళని అనడానికేముంది, బండీ ముఖ్యమే. నాకు చెప్పలేదంటావా, చెప్పడానికి నేను ఆ ఇంట్లో లేనుగా.”

“అది వాళ్ళు. నేను అలా చేస్తానా?”

అత్తగారు చెయ్యి చాపింది. “నీ ఫోను ఒకసారి ఇటివ్వు.”

కోడలు ఇచ్చింది. తెర మీద ఈ నెల తోట ఉంది. పచ్చటి గళ్ళు, కొన్ని పసుపు గళ్ళు. ఆవిడ వేలితో, నేర్పినట్టే, మెల్లగా పక్కకి జరిపింది. గళ్ళన్నీ ఒక్కసారిగా బూడిదరంగయ్యాయి. నిమ్మ గడి కూడా.

“వచ్చే నెల నుంచీ ఇంతే. నా ఫోనులో చాలాసార్లు జరిపి చూశాను, ఎంత దూరం పోయినా ఇదే రంగు. బూడిదంటే ఏమీ లేదని నువ్వే చెప్పావుగా. నా వంతు అయ్యాక వచ్చే నెలే కదమ్మా అది?”

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ సైటు మొదటి రోజు ‘తోట ఎప్పటివరకు’ అని అడిగింది. ఆ గడి నింపితే గాని ముందుకి పోనివ్వలేదు. ల్యాబులో సీసా మీద గడువు తేదీ వేసినంత సులువుగా, అత్తగారు వెళ్ళే నెల వేసేసి, ఆ సంగతే మరిచిపోయింది.

“అత్తయ్యా, అది... ఏదో ఒకటి వేయమంటే...”

“తప్పేం లేదు తల్లీ. నేను వెళ్ళాక నీళ్ళు ఎవరు పోస్తారు? నువ్వు డ్యూటీకి పోతావు. సరిగ్గానే వేశావు. మొక్క ఎండిపోతే చూడలేనని నేనే బకెట్లలో పెట్టుకున్నాను. పిడి పట్టుకుంటే ఎక్కడికైనా వస్తుందని.”

తిట్టినా బాగుండేది. సరిగ్గానే వేశావన్న మాటని కోడలు తట్టుకోలేకపోయింది. గుమ్మం మీద కూలబడి మోకాళ్ళలో మొహం దాచుకుంది.

కొడుకు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. “అమ్మా, ఆ రోజు వంతులు అనుకున్నప్పుడు నిన్ను అడిగామా?”

“మీరు అడగలేదు. మీరు వంతులు లెక్కేసుకుంటుంటే, టీలో పంచదార చాలా అని నేనే మిమ్మల్ని అడిగాను.”

వాడు వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. “ఇప్పుడు అడుగుతున్నాను. నీకెక్కడ ఉండాలనుందమ్మా?”

ఆవిడ లేచి వెనక తలుపు దాటి వెళ్ళి, నిమ్మ కోసం ఎప్పుడో తవ్వి వదిలేసిన గొయ్యిలోకి వంగి చూసింది.

“ఇంత లోతు చాలదురా. పలుగు తీసుకురా.”

అంతే. కొడుకు పనికి వెళ్ళడం మానేసి పలుగు పట్టుకున్నాడు. బకెట్టు బోర్లిస్తే మొక్క రాలేదు, వేర్లు లోపల గుండ్రంగా చుట్టుకుపోయాయి. చివరికి బకెట్టునే కోయాల్సి వచ్చింది. అత్తగారు వేళ్ళతో ఆ వేర్లని, పాప జుట్టు చిక్కు తీసినట్టు ఒక్కొక్కటిగా విడదీసి మట్టిలో పరిచింది. కోడలు ముక్కు ఎగబీలుస్తూ పక్కన కూర్చుని ఫోను తెరిచింది.

“అత్తయ్యా, ఎప్పటివరకు అని మళ్ళీ అడుగుతోంది. ఏం వేయను?”

“కాయ ఎప్పుడు కాస్తుందంటోంది?”

“మూడేళ్ళు పడుతుందట.”

“అయితే ఆ తర్వాత ఎప్పుడో వెయ్యి. మనకేం తొందర?”

కోడలు ఆ సైటులో ఉన్న ఆఖరి ఏడాది దాకా వెళ్ళి అది వేసింది. గళ్ళన్నీ పచ్చబడ్డాయి.

ఆదివారం చిన్నకొడుకు వ్యాను తెచ్చాడు. ఆవిడ చిన్న చేతిసంచితో బయటికొచ్చింది.

“బకెట్లేవమ్మా? వ్యాను తెమ్మన్నావు!”

“నిన్ను చూడ్డానికి వస్తున్నాను రా, కాపురానికి కాదు. వారం ఉండి వచ్చేస్తాను. నువ్వూ చిన్నకోడలూ ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు ఇటు రండి.”

వాడు అన్న మొహం చూశాడు, నాటిన నిమ్మని చూశాడు. “ఆ టైల్సు తీయించేస్తానమ్మా” అన్నాడు తల దించుకుని.

“వద్దు, బండి మట్టిలో దిగబడుతుంది. గోడ పక్కన ఒక కుండీ పెట్టు, చాలు.”

ఆ వారమంతా ఫోను మోగగానే నీళ్ళు పోసింది కోడలే. రోజూ నిమ్మ ఫోటో తీసి అత్తగారికి పంపింది. టమాటా, మిరప కూడా నేలలో నాటేశారు కదా, ఖాళీ అయిన బకెట్లలో ఒకదాన్లో ఇప్పుడు బట్టల క్లిప్పులున్నాయి, ఒకదాన్లో కొడుకు వైర్లు.

నిద్ర వస్తోందా? ఇంకొక్క మాట విను. ఈ కథ మరిచిపోకు తల్లీ, నేను లేని చోట నువ్వు చెప్పు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు నేల వదిలేసి బకెట్లలో మొక్కలు పెంచుతుంటే, వాటికి పిడి ఉందేమో చూడమను. చెప్పేటప్పుడు ఏది వదిలేసినా పరవాలేదు గాని, ఆవిడ ఒక్కతే కూర్చుని వేలితో జరిపి జరిపి చూసుకున్న ఆ బూడిదరంగు గళ్ళని మాత్రం వదిలేయకు.