పై బెర్తు నుంచి కనిపించిన సరస్సు

రైల్లో కిటికీ పక్కన కూర్చోవడమంటే అతనికి పరమ చిరాకు. ఎండ కొడుతుంది, దుమ్ము పడుతుంది, ఎదుటివాళ్లు పలకరిస్తారు. అందుకే ఏ రైలెక్కినా తిన్నగా పై బెర్తు మీదికి పాకి, కాళ్లు చాపుకుని, దుప్పటి మెడదాకా లాక్కునేవాడు. ఇందులో వింతేముంది, లోకంలో నిద్రమొహాలకు కొదవా అంటారేమో. వింతేమిటంటే, కిటికీలోంచి చూడటమే అతని ఉద్యోగం.

ఒక ప్రయాణాల పత్రికలో 'కిటికీ పక్కన' అనే శీర్షిక అతనిది. దూరాలు వెళ్లే స్లీపర్ రైళ్లెక్కి, ఏ దారి ఎంత అందంగా ఉందో ఒకదానితో ఒకటి పోల్చి, పాఠకులకు చెప్పాలి. మార్కులు కూడా వేయాలి. మార్కులంటే చుక్కలు కావు, కిటికీలు. కొండల రైలుకి నాలుగు కిటికీలు, సముద్రం రైలుకి మూడున్నర. ఆ అర కిటికీ ఎక్కడ తగ్గిందని ఎవరూ అడగలేదు. అడిగినా అతనికి తెలీదు. ఆఫీసులో అందరూ అతన్ని 'కిటికీ' అనే పిలిచేవారు.

మరి చూడకుండా ఎలా రాస్తాడు? దానికో పద్ధతి పెట్టుకున్నాడు. పై బెర్తు మీంచి తల వేలాడేసి కిందివాళ్లని అడుగుతాడు. వాళ్లు "ఏవో కొండలండీ" అంటే, "మబ్బులతో గుసగుసలాడే గిరిశిఖరాలు" అని రాసుకుంటాడు. "ఏదో కాలవ" అంటే, "వెండి జలతారు" అంటాడు. చూస్తే రాయడానికి అడ్డమని అతని గట్టి నమ్మకం. కళ్లారా చూసినవాడు 'కొండ' అని రాసి ఊరుకుంటాడట.

ఇలా ఏళ్ల తరబడి బండి సాఫీగా నడుస్తుండగా, అడవి రైల్లో కింది బెర్తుకి ఆ అమ్మాయి వచ్చింది.

"ఏమండీ, బయట ఏం కనిపిస్తోంది?" అన్నాడు పైనుంచి.

కింద పేజీ తిరిగిన చప్పుడు. అతనికి కనిపించేదల్లా ఆమె పాపిడీ, పుస్తకం పట్టుకున్న నాలుగు వేళ్లూ.

"మిమ్మల్నేనండీ. కిటికీ పక్కన ఉన్నారు కదా."

"మీకు చూపు ఆనదా?" ఆ గొంతులో నిజంగానే కంగారు. "పర్లేదు, చెప్పండి. నేను కళ్ల ఆస్పత్రిలో పనిచేస్తాను. చూపు పరీక్షించడమే నా పని."

"చూపు శుభ్రంగా ఉంది. దిగడానికే బద్ధకం."

"అంటే, మీరు పడుకుంటారు, నేను చూసి చెప్పాలి."

"అది కాదండీ. నేను రచయితని. 'కిటికీ పక్కన' చదివారా ఎప్పుడైనా?"

"అది రాసేది మీరా? మా ఆస్పత్రి వరండాలో ఎప్పుడూ ఉంటుంది ఆ పత్రిక. కళ్లలో మందు వేయించుకుని, ఏమీ కనిపించనివాళ్లు తిరగేస్తుంటారు."

అతను దాన్ని పొగడ్త కిందే జమ కట్టుకున్నాడు. ఎదుటి బెర్తులో ఉన్న ఆమె పిన్నికి జాలేసింది. "పోనీ చెప్పవే, పాపం అంతగా అడుగుతున్నాడు."

ఆ అమ్మాయి కిటికీలోంచి చూసింది. అడవి ఎప్పుడో అయిపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎండిన చేలు, ఒక రాళ్ల క్వారీ, తీగ మీద ఆరేసిన దుప్పట్లు.

"సరస్సండీ," అంది.

"సరస్సా? పెద్దదేనా?"

"అవతలి ఒడ్డు కనిపిస్తే ఒట్టు. నీలంగా మెరుస్తోంది. మధ్యలో తెల్ల పడవ. అందులో ఎవరో గొడుగు వేసుకుని కూర్చున్నారు."

పైన పెన్ను పరుగులు తీసింది. "గొడుగు ఏ రంగు?"

"ఎరుపు."

పిన్ని రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది. "అబద్ధమాడితే అతికినట్టుండాలే. గొడుగు దాకా ఎందుకు నీకు?"

"ఊరుకో పిన్నీ. ఇప్పుడు దిగి చూస్తాడు చూడు."

అదీ ఆమె లెక్క. ఇంత చెబితే ఎంత బద్ధకిష్టైనా ఒక్క గెంతున కిందికి దూకుతాడు, దూకితే ఆ మొహం చూసి నవ్వుకోవచ్చు. కానీ పైనుంచి వచ్చిన మాట వేరు. "కాస్త నెమ్మదిగా చెప్పండి, రాసుకోవాలి."

దాంతో ఆమెకి పట్టుదల వచ్చింది. సరస్సులో ఒక దీవి లేచింది. దీవి మీద గంటస్తంభం లేచింది. గంటస్తంభం చుట్టూ కొంగలు ఎగిరాయి. టీలు వచ్చేసరికి జింకలు కూడా ఒడ్డుకొచ్చి నీళ్లు తాగుతున్నాయి. అతను మాత్రం దిగలేదు.

నిజం చెప్పాలంటే, దిగాలని అతనికి జీవితంలో మొదటిసారి అనిపించింది. సరస్సు కోసం కాదు, ఆ గొంతు కోసం. ఆ గొంతులో నవ్వు ఎప్పుడూ సగం దాకా వచ్చి ఆగేది, ఆగిన చోటల్లా ఇతని గుండె ఒకసారి జారేది. అయితే జుట్టు చెదిరి ఉంది, చొక్కా నలిగి ఉంది. కాస్త తల దువ్వుకుని దిగుదాంలే అనుకుని, దువ్వెన కోసం సంచీలో చెయ్యి పెట్టి, అలాగే నిద్రపోయాడు. లేచేసరికి కింది బెర్తులో బట్టతల పెద్దాయన ఒకడు గురకపెడుతున్నాడు. నిద్రమొహానికి ప్రేమ తగిలితే ఇంతే.

ఆ బెంగంతా వ్యాసంలోకి దిగింది. నాలుగు రైళ్లని పోల్చిన ప్రత్యేక సంచికలో అడవి రైలుకి ఐదుకి ఐదు కిటికీలూ పడ్డాయి. పాఠకులు పెట్టెలు సర్దుకుని బయల్దేరారు. టికెట్ల ఏజెంట్లు 'సరస్సు వైపు సీటు' అని విడిగా అమ్మారు. రైలువాళ్లు ఆ సరస్సు బొమ్మ గీయించి స్టేషన్లో పెట్టారు.

తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. సరస్సు ఎక్కడా లేదని కొందరు తిట్టారు. అది మామూలే. అసలు విచిత్రం మిగతావాళ్లది. సరస్సు అద్భుతంగా ఉందనీ, వ్యాసంలో రాసినదానికన్నా బాగుందనీ, పడవలో గొడుగు పట్టుకున్నది ఒక ముసలాయననీ రాశారు. డబ్బులు పోసి వెళ్లినవాడు ఏమీ చూడలేదని ఒప్పుకుంటాడా?

సంపాదకుడికి పండగలా ఉంది. "ఉందా లేదా అన్నది కాదయ్యా కిటికీ, ఎంతమంది కొట్టుకుంటున్నారన్నది చూడు," అన్నాడు.

సరిగ్గా ఆ సమయంలో ఆఫీసు తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికొచ్చింది. "'కిటికీ పక్కన' రాసేది ఎవరండీ?"

ఆ గొంతు వినగానే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "కింది బెర్తు," అన్నాడు. ఇన్నాళ్లూ పాపిడి దాకానే తెలిసిన మనిషికి ఇప్పుడు మొహం వచ్చింది. పెద్ద కళ్లు, వాటిలో పెద్ద కోపం.

"లేని సరస్సుని అచ్చువేస్తారా?"

"మీరే కదండీ చెప్పింది."

"మిమ్మల్ని దింపుదామని ఆటపట్టించాను. తప్పు నాదే, కాదనను. కానీ నేను ఒక్కరికి చెప్పాను. మీరు ఊరందరికీ చెప్పారు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. కుట్టుమిషను మీదే బతుకు. స్నేహితురాళ్లతో కలిసి ఆ రైలెక్కింది. అందరూ అదిగో సరస్సు, అదిగో గొడుగు అంటుంటే, ఈవిడకి మాత్రం క్వారీ కనిపించింది. తిరిగొచ్చి మిషన్ మీద గుడ్డ కప్పేసింది. అంత సరస్సే కనిపించనిదానికి సూదిబెజ్జం ఏం కనిపిస్తుంది అంటుంది."

"మీరు పరీక్ష చేసి చెప్పొచ్చు కదా."

"చేశాను. బోర్డు మీద చివరి వరస దాకా చదివింది. నువ్వు మంచిదానివి, నా మనసు నొచ్చుకుంటుందని అలా అంటున్నావు అంది. సరస్సు నేనే కల్పించానని కూడా చెప్పాను. అచ్చయింది కదమ్మా, అచ్చులో అబద్ధం ఎందుకుంటుంది అంది."

అతను తల దించుకున్నాడు. సంపాదకుడికి మాత్రం మొహం విప్పారింది.

"అద్భుతం. రెండో భాగం వేద్దాం. 'సరస్సుని చూసిన అమ్మాయి'. ఒక ఫొటో దిగమ్మా."

"సవరణ వేయండి, చాలు," అంది ఆమె.

"సవరణ ఎలా వేస్తానమ్మా? ఒక్కటి వేస్తే మిగతావీ అడుగుతారు. సముద్రం రైలుకి సముద్రం ఉందా అంటారు."

"ఉంది కదా సార్," అన్నాడు కిటికీ.

"నువ్వు చూశావా?"

అతను తల గోక్కున్నాడు.

"లేదని రాసేట్టయితే, ఇంకెక్కడైనా రాసుకో. రేపట్నించి రానక్కర్లేదు," అని సంపాదకుడు లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

ఆమె అతని వైపు చూసింది. "రాస్తారా?"

"ఉద్యోగం పోతుందండీ."

"ఆవిడది ఇప్పటికే పోయింది."

అంతే, లేచి వెళ్లిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపించినంతసేపూ అతను నిలబడే ఉన్నాడు. పిలవాలని ఉంది. కానీ ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు?

ఆశ మాత్రం చావలేదు. సరస్సు కాకపోయినా కనీసం ఓ మడుగైనా ఉండకపోతుందా, ఉంటే అటు ఉద్యోగమూ ఇటు అమ్మాయీ దక్కుతారు కదా అనుకుని, మర్నాడే అడవి రైలెక్కాడు. ఈసారి కిటికీ పక్కన, మెలకువగా.

అడవి వెళ్లిపోయింది. చేలు వచ్చాయి. ఒకాయన సైకిలు మీద రైలుతో పోటీపడి ఓడిపోయాడు. పెరట్లో ఒకావిడ తల ఆరబెట్టుకుంటూ రైలుకి చెయ్యి ఊపింది. చెయ్యి తిరిగి ఊపాలని తెలీక, ఊపేసరికి ఆ ఇల్లు దాటిపోయింది. ఇవన్నీ ఇన్నాళ్లూ తన బెర్తు కిందనుంచే పోయాయని తలుచుకుంటే అతనికి ఏదోలా అయింది.

క్వారీ వచ్చింది. ఎదుటి సీటాయన చేతిలో పత్రిక ఉంది. "అదిగో సరస్సు," అని భార్యకు చూపించాడు. ఆవిడ "అబ్బ, ఎంత నీలంగా ఉందో," అంది. తర్వాత ఇద్దరూ ఇతని వైపు తిరిగారు. "చూశారా?"

"లేదండీ. నాకు రాళ్లే కనిపిస్తున్నాయి."

"అయ్యో. ఈ వయసులోనే?" ఆయన నిజంగానే బాధపడ్డాడు. "ఆలస్యం చేయకండి బాబూ, మంచి డాక్టరుకి చూపించుకోండి."

అతను కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. సరస్సుని పుట్టించింది తనే. ఆ దీవికి, గంటస్తంభానికి విశేషణాలు తగిలించింది తనే. అయినా ఒక్క క్షణం, నా కళ్లకే ఏమైనా అయిందా అనిపించింది. మిషన్ మీద గుడ్డ కప్పుకుని కూర్చున్న పెద్దమ్మ అప్పుడు అతనికి అర్థమైంది. వచ్చే స్టేషన్లో దిగి, తిరుగు రైలెక్కి, పెట్టెతో సహా కళ్ల ఆస్పత్రికి వచ్చాడు.

వరండా నిండా జనం. సగంమంది కళ్లలో మందు వేయించుకుని కూర్చున్నారు. పిన్ని ఆ పెద్దమ్మని బలవంతంగా మళ్లీ పరీక్షకి తీసుకొచ్చింది. ఆ అమ్మాయి గది తలుపు దగ్గర పేర్లు పిలుస్తూ, ఇతన్ని చూసి ఆగిపోయింది.

అతను వరండా మధ్యలో నిలబడ్డాడు. "అందరూ ఒక్కమాట వినండి. అడవి రైలు దారిలో సరస్సు లేదు. రాసింది నేనే. పై బెర్తులో పడుకుని, చూడకుండా రాశాను. సరస్సు కనిపించలేదని ఎవరైనా వచ్చి ఉంటే, మీ కళ్లు భేషుగ్గా ఉన్నాయి. ఇళ్లకు వెళ్లండి."

ఎవరూ కదల్లేదు. కుట్టుమిషను పెద్దమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ రాసినాయన ఎంత చక్కగా రాశాడు. ఆయన నువ్వెందుకవుతావు నాయనా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. అప్పుడు పెద్దమ్మ పక్కన కూర్చున్న ఆమె స్నేహితురాలు గొంతు సవరించుకుంది. "నాకూ కనిపించలేదు వదినా."

"ఏమిటే?"

"నీళ్లచుక్క కనిపించలేదు. అందరూ చూశామంటుంటే, నేనొక్కదాన్ని తక్కువా అని ఊ కొట్టాను. ఇక్కడికొచ్చింది కూడా అందుకే."

"మరి గొడుగుకి తెల్ల అంచు ఉందన్నావు కదే."

"నోటికొచ్చింది అనేశాను."

గోడవారగా కూర్చున్న పెద్దమనిషి నెమ్మదిగా చెయ్యెత్తాడు. "నాకూ లేదండీ." తర్వాత ఇంకొకరు. ఎవరి మొహం ఎవరు చూస్తున్నారో తెలియని ఆ మందుల కళ్లతోనే వరండా అంతా పకపకా నవ్వింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. కళ్లు తుడుచుకుని, అతని వైపు కాస్త వంగి చూసింది.

"నీ చొక్కా రెండో గుండీ వేలాడుతోంది. ఇలా రా." సంచీలోంచి సూది తీసింది, దారం తీసింది, ఒక్కసారికే ఎక్కించింది. "కదలకు. గుచ్చుకుంటే నా పూచీ లేదు."

అతను కదలకుండా నిలబడి, ఆ అమ్మాయితో అన్నాడు. "ఉద్యోగం వదిలేసినట్టేనండీ. ఇకనుంచి ఏం చెప్పినా చూశాకే చెబుతాను. ఒక్కటి మాత్రం చూడకముందే మొదలైంది, దాన్ని సవరించలేను. మీరంటే నాకు చాలా ఇష్టం."

పిన్ని కంగారుపడింది. "ఉద్యోగం లేదంటున్నాడే."

"వెతుక్కుంటాడులే పిన్నీ." ఆ అమ్మాయి గొంతులో ఎప్పుడూ సగంలో ఆగే నవ్వు ఈసారి ఆగలేదు. "నాకూ ఇష్టమే. రైల్లో ఉన్నప్పుడు కాదు, అంతకు ముందు రాసినవి చదివినప్పుడు అసలే కాదు. ఇందాక ఇక్కడ నిలబడ్డారే, అప్పుడు."

పిన్ని అతని పెట్టె తీసి తన కుర్చీ పక్కన పెట్టుకుంది. "అయితే భోజనానికి మా ఇంటికే రా బాబూ. మిగతావి దీని అమ్మానాన్నలతో మాట్లాడుకుందాం."

పెద్దమ్మ దారాన్ని పంటితో పుటుక్కున తెంపింది. "పెళ్లెప్పుడో నాకు ముందుగా చెప్పండి. ఇద్దరి బట్టలూ కుట్టాలంటే మాటలు కాదు," అని సంచీ సర్దుకుని, పరీక్ష కోసం ఆగకుండానే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వీధి చివర కుట్టుమిషను మళ్లీ మోగింది.