దగ్గు మలుపు

మా ఊరి క్వారీ బాటలో దగ్గు మలుపు అనే చోటు ఒకటి ఉండేది. పొద్దుగూకిన తరువాత అటువైపు ఎవరూ పోయేవారు కారు. తప్పక పోయినవారికి ముందు నీళ్ల చప్పుడు వినిపించేది… ఆ వెనుక దగ్గు. ఎండిన గొంతులోంచి ఆగి ఆగి వచ్చే దగ్గు. మనిషి మాత్రం కనిపించేది కాదు.

మా నాయనమ్మ నాగులమ్మ ఈ కథ చెప్పబోయే ముందు ప్రతిసారీ చెంబెత్తి గొంతు తడుపుకునేది. ఆమె చెప్పినదే నేను చెబుతున్నాను.

హైదరాబాదు చుట్టూ పెద్ద రోడ్లు పడుతూ, తుర్కయాంజాల్ దాకా అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులవి. ఆ మేడలకు కంకర ఇబ్రహీంపట్నం గుట్టల నుంచే పోయేది. మా ఊరి గుట్ట సగం అప్పటికే కరిగిపోయింది. టిప్పర్లు నడిచే మట్టిబాట మీద దుమ్ము లేవకుండా రోజూ నీళ్లు చల్లాలన్నది క్వారీకి ప్రభుత్వం పెట్టిన షరతు. వాళ్లు ఏనాడూ చల్లలేదు. వేపాకులు సున్నం వేసినట్టు తెల్లబడ్డాయి. పిల్లలకు ఆయాసం పట్టుకుంది.

మా చిన్నాయన భూపాల్ కూతురు కరుణకు రాత్రిళ్లు ఊపిరి ఆడేది కాదు. దుమ్ము ఆగకపోతే పిల్ల దక్కదని దవాఖానలో చెప్పారు. ఇల్లూ చెలకా వదిలి ఎక్కడికి పోతాడు? అధికారులకు అర్జీ పెట్టాడు. వచ్చి చూడమని ఆ మలుపునే చూపాడు; ఊరి ఇళ్లు మొదలయ్యేది అక్కడే.

అధికారి ఎప్పుడు వచ్చినా తెల్లవారగానే వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ — మలుపు తడిసి ఉండేది. చక్కగా, వాకిట్లో సాన్పి చల్లినట్టు.

“నీళ్లు చల్లుతూనే ఉన్నారు కదయ్యా,” అని అధికారి జీపెక్కేవాడు.

క్వారీ మేస్త్రీ సంజీవ నవ్వాడు. “మేం చల్లలే భూపాలన్నా, ఒట్టు. మీ ఊరి దయ్యానికే మా మీద మస్తు పాయిరం.”

అధికారి మరొకసారి, కడపటిసారిగా వస్తాడని తెలిసింది. ముందునాటి రాత్రి చిన్నాయన ఒంటరిగా బయలుదేరాడు. దెయ్యమే అయితే దాని కాళ్లు పట్టుకుంటానని నాయనమ్మతో అన్నాడట.

టార్చి ఆర్పి బండ వెనుక కూర్చున్నాడు. టిప్పర్లు ఆగిపోయాయి. క్వారీ గుంట వైపు నల్లని చీకటి…

నీళ్ల చప్పుడు.

ఆ వెనుకే దగ్గు.

తెల్లని ఆకారం ఒకటి వంగింది… చేయి విసిరింది… మళ్లీ వంగింది… దగ్గరికి వస్తోంది. తల, ముఖం, చేతులు — అన్నీ ఒకే తెలుపు. చిన్నాయన కళ్లు మూసుకుని, కరుణ ముఖం తలచుకుని… టార్చి వేశాడు.

సక్కుబాయి.

క్రషర్ దగ్గర కంకర ఎత్తే కూలి. పని దిగి, ఒంటి మీది దుమ్మయినా కడుక్కోకుండా, గుంటలో బిందె ముంచుకుని వచ్చింది. ఆమె కూతురు సింధు అంతకు ముందటేడు ఆయాసంతోనే పోయింది. పసిపిల్లలను కాల్చరు గనుక, మలుపు పక్కన ఉన్న సొంత చెలకలోనే పూడ్చిపెట్టారు.

“నువ్వా అక్కా…”

“మెల్లగ మాట్లాడు తమ్మీ,” ఆమె గుసగుసలాడింది. “పొల్ల పండుకున్నది. దుమ్ము లేస్తే మళ్ల దగ్గొస్తది.”

చిన్నాయన టార్చి నేలకు దించాడు. కానీ అడగక తప్పలేదు.

“ఈ ఒక్క రాత్రి చల్లకు అక్కా. పొద్దుగాల ఆఫీసరొస్తున్నడు. దుమ్ము కండ్లార చూస్తెనే క్వారీ బందయితది. మా కరుణకు గూడ… గట్లనే ఉన్నది.”

“కరుణకా?”

“అవ్.”

ఆమె చెలకలోని మట్టిదిబ్బ వైపు చూసింది. “నేనైతె ఆగుత. మరి దానికెవలు చెప్పాలె?”

సక్కుబాయే వెళ్లి దిబ్బ మీద చేయి వేసి, ఏదో చెప్పుకుంది. తిరిగి వచ్చి బిందె ఆయన చేతికిచ్చింది. “ఇది నా కాడుంటె చెయ్యి ఆగది. నన్ను గూడ మీ ఇంటికే తోల్కపో.”

ఆ రాత్రి ఆమె మా నాయనమ్మ పక్కన పడుకుంది. నిద్రలో కూడా కుడిచేయి నీళ్లు చల్లుతూనే ఉందట. నాయనమ్మ ఆ చేతిని ఒడిలో పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది.

పొద్దున ఆ చేయి పట్టుకునే నాయనమ్మ ఆమెను మలుపు దగ్గరికి తీసుకొచ్చింది. టిప్పర్లు వరుసగా దిగాయి. దుమ్ము గోడలా లేచింది. అధికారి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గాడు… మళ్లీ దగ్గాడు. సంజీవ ముఖంలో నవ్వు లేదు. కొద్దిరోజులకే క్వారీ గేటుకు తాళం పడింది. కరుణ బతికింది.

కానీ ఆ పొద్దున, దుమ్ము మెల్లగా దిగిన తరువాత —

తుమ్మలు తెల్లగా ఉన్నాయి. బండలు తెల్లగా ఉన్నాయి. నిలబడ్డవారి తలలూ తెల్లబడ్డాయి. చెలకలో ఆ చిన్న దిబ్బ ఒక్కటే… నల్లగా ఉంది. తడిసి ఉంది. పెద్దచేయి చల్లిన తడి కాదు. దగ్గర దగ్గరగా, చిన్న చిన్న దోసిళ్లతో పోసిన తడి.

చిన్నాయన సక్కుబాయి వైపు తిరిగాడు.

“నేను చెయ్యి ఇడువలే బిడ్డా,” అన్నది నాయనమ్మ, ఆయన అడగకముందే. బిందె మా ఇంట్లో బోర్లించే ఉంది.

సక్కుబాయి దిబ్బ ముందు కూలబడింది. తడిమట్టిని వేలితో తాకింది. ఎవరినీ చూడకుండా అన్నది —

“నేర్సుకున్నది… ఇగ నాతోని పనిలేదు దానికి.”