ఐదేళ్ల గ్యారంటీ

రాజమండ్రి కార్ల షోరూములో ఒక బల్ల మీద ఎర్రటి కారు డోరు పడుకోబెట్టి ఉంది. రూతు దాని మీద మగ్గుతో నీళ్లు పోసింది. ఒక సగం మీద నీళ్లు పూసల్లా ఉండలు కట్టి జారిపోయాయి. రెండో సగం మీద పల్చగా పరుచుకుని అలాగే ఉండిపోయాయి.

"చూశారా సార్? ఇటు పెయింట్ ప్రొటెక్షన్ కోటింగ్ వేశాం, అటు వెయ్యలేదు. ఇది వేయిస్తే ఐదేళ్ల దాకా మీ కారు ఇవాళ్టి కారులాగే ఉంటుంది. గ్యారంటీ."

విజయ్ పాల్ డోరు వంక చూడలేదు. అద్దాల అవతల వానలో తడుస్తున్న కొత్త కార్ల వంక చూస్తున్నాడు.

"బయట ఉన్నవాటికి కోటింగ్ వేశారాండీ?"

"లేదండి. అవి ఇవాళే లారీ దిగాయి."

"మరి వాటి మీదా నీళ్లు పూసల్లాగే ఉన్నాయే?"

రూతు తిరిగి చూసింది. నిజమే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"వాన నీళ్లు వేరండీ."

"మగ్గులోవి మాత్రం? ఎక్కడ పడ్డా గోదావరిలో కలిసే నీళ్లేగా!"

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోడానికో, కోపం ఆపుకోడానికో అతనికి తెలియలేదు. తెలుసుకోవాలనిపించింది. అమ్మ పోయాక దేని గురించీ అతనికి అలా అనిపించలేదు.

జ్ఞానమ్మ గారు జనవరిలో పోయారు. ఆయాసం వచ్చిన రోజు కొవ్వూరులో బండి దొరికేసరికి ఆలస్యమైంది. వంతెన దాటించి రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. "ఏం ఫర్వాలేదు, గ్యారంటీగా ఇంటికి పంపిస్తాను" అన్నారు డాక్టరు గారు. మర్నాటికి ఆవిడ లేరు.

ఆ తరవాత నాన్న ఏసురాజు గారు మాట్లాడడం మానేశారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, వీధి చివరిదాకా వినబడే గొంతు. ఎవరేం అడిగినా తల ఊపడం తప్ప మాట లేదు. వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న ఉన్నట్టుండి నోరు విప్పారు. "కారు కొందాంరా."

అమ్మ ఎక్కని కారు ఎందుకని విజయ్‌కి అనిపించింది. కానీ నాన్న మాట్లాడారు. అందుకే వచ్చాడు.

అప్పటిదాకా కుర్చీలో ఉన్న ఏసురాజు గారు లేచి బల్ల దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, వెనక డిక్కీ మీద మా ఆవిడ పేరు రాయించాలనుకుంటున్నాను. నువ్వు చెప్పే ఈ మందు పూస్తే, పేరు చెరిగిపోకుండా ఉంటుందా?"

రూతు వెనక మేనేజరు బంగార్రాజు చిన్నగా దగ్గాడు. ఆమె పెద్దాయన ముఖంలోకి చూసింది. వెంటనే చూపు దించేసింది.

"ఉంటుందండి అంకుల్. గ్యారంటీ."

విజయ్ నోరు తెరిచాడు. నాన్న ముఖంలో వెలుగు చూసి మూసేశాడు.

కోటింగ్ వేయించిన కారు కొవ్వూరు చేరింది. పెయింటరు సత్తియ్య డిక్కీ మీద తెల్లటి అక్షరాలతో 'జ్ఞానమ్మ' అని రాశాడు. ఏసురాజు గారు పొద్దున్నే కారు తుడిచేవారు, దారిన పోయేవాళ్లని ఆపి చూపించేవారు. కాఫీలో పంచదార ఎక్కువైందని కొడుకుని విసుక్కున్నారు కూడా.

తరవాత పెద్ద వాన కురిసింది. తెల్లారి ఆయన గుడ్డ పట్టుకుని వెళ్లేసరికి అక్షరాలు ఉల్లిపొరల్లా లేచి ఉన్నాయి. 'మ' ఒత్తు ఒకటి ఆయన అరచేతికి అంటుకుని వచ్చేసింది.

"ఇది కూడా అంతేనా" అన్నారు. లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజూ, మర్నాడూ అన్నం ముట్టుకోలేదు.

విజయ్ కారేసుకుని షోరూముకి వెళ్లాడు. బంగార్రాజు అతని మాట పూర్తికానివ్వలేదు. "అది మీ పెయింటరు తప్పండీ. నాసిరకం రంగు వాడుంటాడు."

"కాదు సార్" అంది రూతు, పక్క బల్ల దగ్గర్నుంచి. "కోటింగ్ మీద ఏ రంగూ నిలవదు. ఏదీ అంటకుండా జారిపోవడానికేగా అది పూసేది."

"నిన్ను అడిగానా?"

"డోరు సంగతి కూడా చెప్పేస్తాను సార్. రెండో సగాన్ని రోజూ పొద్దున్నే సోడా పెట్టి రుద్దిస్తారండి నా చేత. నున్నదనం పోతే నీళ్లు నిలబడతాయి."

షోరూములో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు బంగార్రాజు.

"రేపటిదాకా ఎందుకు సార్" అని ఆమె సంచి తీసుకుంది.

బయట వాన. చూరు కింద ఇద్దరే నిలబడ్డారు.

"తిడదామని వచ్చాను. ఏమేం అనాలో వంతెన పొడుగునా కూర్చుకున్నాను" అన్నాడు విజయ్.

"తిట్టండి. ఇప్పుడు నాకూ పనేం లేదుగా."

అతనికి నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఆ రోజు మీ నాన్నగారు అడిగింది కారు గురించి కాదని నాకు తెలుసండి. తెలిసే గ్యారంటీ అన్నాను. భోంచేస్తున్నారా ఆయన?"

"లేదు."

"నన్ను తీసుకెళ్లండి. ఈ మాట ఆయనకి నేనే చెప్పాలి."

ఆమె వెనక డోరు తెరవబోయింది.

"ముందు సీట్లో కూర్చోండి. నన్ను డ్రైవర్ని చెయ్యకండి" అన్నాడు.

వంతెన మీద వాన అడ్డంగా కొడుతోంది. ఒకసారి ఆమె చెయ్యి చాచి, అతని వైపు అద్దానికి పట్టిన ఆవిరి రుమాలుతో తుడిచింది. మళ్లీ ఆవిరి పడితే బాగుండుననుకున్నాడు.

ఏసురాజు గారు మంచం మీదే ఉన్నారు. రూతు నేల మీద కూర్చుంది.

"అంకుల్, నేను అబద్ధం చెప్పాను."

ఆయన ఇటు తిరిగారు. "అయితే చెరక్కుండా ఉండేది ఏదమ్మా?"

"ఏదీ లేదండి."

విజయ్ ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగలేదు.

"డిక్కీ మీద కోటింగ్ గీకించి రాయిస్తే కొన్నాళ్లుంటుంది. ఎండకి వెలుస్తుంది. అప్పుడు మళ్లీ రాయించుకోవాలి. ఇంతకు మించి ఎవరు చెప్పినా నమ్మకండి."

ఏసురాజు గారు లేచి మంచం మీద కూర్చున్నారు.

"ఆసుపత్రిలో ఈ మాట ఒక్కరూ అనలేదు" అన్నారు. "గ్యారంటీ అన్నారని, మర్నాడు కట్టుకుని ఇంటికొస్తుందని, దాని చీర ఇస్త్రీ చేయించడానికి వెళ్లాను. నేను తిరిగొచ్చేసరికి... నిజం చెప్పుంటే పక్కనే కూర్చునేవాణ్ణి కదరా."

ఆయన ఏడ్చారు. సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి. రూతు మంచం పట్టె మీద చెయ్యి ఆనించి ఊరుకుంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆమె అలా ఊరుకోవడం చూస్తుంటే, ఈ మనిషి లేకుండా ఈ ఇల్లు గడవదని విజయ్‌కి తెలిసిపోయింది.

కాసేపటికి ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "పేరు వెలిసిన ప్రతిసారీ వచ్చి చూసిపోతావా అమ్మా?"

"పిలిస్తే వస్తానండి."

"వచ్చి పోవడం ఎందుకు నాన్నా. ఉండిపొమ్మని అడగండి" అన్నాడు విజయ్.

"నన్నడగమంటావేంట్రా? నీకు నోరు లేదూ?"

విజయ్ రూతు వైపు తిరిగాడు. దారంతా కూర్చుకున్న తిట్లలాగా మాటలేవీ సిద్ధంగా లేవు. "ఉండిపోతారా?" అన్నాడు.

"ఉద్యోగం పోయిన రోజునే అడగాలాండీ?" అంది ఆమె. తల వంచుకుంది కానీ, నవ్వుతోందని బుగ్గ చెప్పేసింది. "మా ఇంట్లో అడగండి. నాకైతే ఇష్టమే."

"మీది ఏ చర్చి?" అన్నారు ఏసురాజు గారు.

"బాప్టిస్టు అండి."

"మేం లూథరన్" అన్నారాయన గంభీరంగా. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "మా ఆవిడా బాప్టిస్టే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆదివారం ఆదివారం పోట్లాటే మా ఇద్దరికీ. ఇంక నీ వంతురా. అనుభవించు."

విజయ్ వంటింట్లోకి పరిగెత్తి కంచాలు పెట్టాడు. ఏసురాజు గారు పీట ముందుకి లాక్కుని, అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించారు.

"ఉప్పేదిరా ఇందులో?" అన్నారు, వీధి చివరిదాకా వినబడేలా.