గోడ మీద అయిదు వేళ్ళు

ఆ వీధి చివరి ఇంట్లో వెనక గది కిటికీ ఏడుస్తుందని పేరు. వాన పడుతున్నప్పుడు ఏడిస్తే వానే అనుకుని ఊరుకుందురు... అది వాన వెలిసి, చుక్కలు పొడిచి, వీధంతా నిద్రపోయాక ఏడుస్తుంది! కిటికీ కింద లోపలి గోడ మీద తడి దిగుతుంది. ఒకటి... రెండు... మూడు... అయిదు వేళ్ళు. అది చూసిన పనిమనిషి మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ ఇంటి తల్లి ఆ గదిలోనే పోయింది. ఆ ఏటి వానల్లోనే, కూతురి తలగడ పక్కన, ఆ చెయ్యి మొదటిసారి కనిపించింది.

"అమ్మ దీన్ని పట్టుకుంది," అని తేల్చేశాడు అన్న. చెల్లెలి గదికి బయట గడియ పడింది. మొదట రాత్రిళ్ళు, తర్వాత పగలూ రాత్రీ. అలా ఆరేళ్ళు! అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం పట్టింది అన్నకి, శిక్ష పడింది చెల్లెలికి.

ఆరేళ్ళకి అన్నగారికి బెంగ పుట్టింది... చెల్లెలి మీద అనుకునేరు, గోడ మీద. పెచ్చులూడుతోందని అద్దం మేస్త్రీకి కబురు పెట్టాడు. ఆ ఇంటికి ప్లాస్టరింగ్ చేసింది అతనే. అతను పూత వేస్తే గోడ మీద ఈగ కూడా జారాల్సిందే, అందుకే ఆ పేరు. ఆ వీధిలో పన్నెండు ఇళ్ళు అతని చేతివే. తర్వాత జరిగిందంతా అతనే, మంచం పట్టాక, కక్కేశాడట.

పగలంతా వాన కురిసి వెలిసిన రాత్రి అది. గడియ తీసి, తను మాత్రం గడప దాటకుండా, "చూసి చెప్పు," అని వెళ్ళిపోయాడు అన్న.

మంచం మీద చెల్లెలు. ఎండ మొహం చూడని మనిషి, పాలిపోయి ఉంది.

"టార్చి ఆర్పకు బాబాయ్... వస్తోంది."

వచ్చింది. మేస్త్రీ కళ్ళ ముందే — ఒక్కో వేలూ, మెల్లగా, కిందికి. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"గోడని చూసి భయపడకు," గుసగుసలాడింది ఆమె. "బయట కిటికీ గట్టు కింద చెయ్యి పెట్టి చూడు. ఆరేళ్ళుగా చెబుతున్నా, వినే దిక్కు లేదు."

ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి, కిటికీ గట్టు అడుగున తడిమాడు. తడి. అంచు నుంచి గోడ దాకా తడి. గట్టు అడుగున వేలెడంత గాడి ఉండాలి. కిందికి పాకిన నీళ్ళు ఆ గాడి దగ్గర తెగి, చుక్కలుగా నేల మీద పడాలి. గాడి కోసం వెతికాడు...

నున్నగా తగిలింది.

గుర్తొచ్చింది. గాడి అసహ్యంగా ఉందని సిమెంటుతో పూడ్చి నునుపు చేసింది తనే! తెగని నీళ్ళు గట్టు అడుగునే పాకి, గోడని కలిసేచోట పగుల్లో దూరి, గోడలో నాని నాని, ఏ రాత్రికో లోపల తేలుతున్నాయి.

మరి వేళ్ళు?

తాపీతో పెచ్చు ఊడదీశాడు. పై పూత పట్టుకోవాలని అడుగు పూత మీద గీతలు గీస్తారు. అందరూ తాపీ మొనతో గీస్తే, అతను అయిదు మేకులు కొట్టిన చెక్కతో గీసేవాడు. ఆ చెక్క ఇంకా సంచీలోనే ఉంది. తీసి గోడకి ఆనించాడు. అయిదు మేకులూ అయిదు గీతల్లో కూర్చున్నాయి. నీళ్ళు ఆ గీతల వెంటే దిగుతున్నాయి.

"దెయ్యం కాదు కదా?"

"కాదమ్మా."

"అన్నయ్యకి చెప్పు బాబాయ్. నీ మాట వింటాడు. నన్ను బయటికి రానిస్తాడు."

"చెబుతా."

బయటికొస్తే వీధి గడప దగ్గర అన్న. "ఏమిటి సంగతి?"

మేస్త్రీ నోరు తెరిచాడు. పన్నెండు ఇళ్ళు, పన్నెండు ఇళ్ళ నున్నటి గట్లు కళ్ళ ముందు తిరిగాయి.

"దెయ్యమే బాబుగారూ. నా దగ్గర కిటుకుంది, వెళ్ళగొడతాను."

మర్నాడు గాడి కోశాడు, పగుళ్ళు పూడ్చాడు, కొత్త పూత వేశాడు. మూడు వానలు కురిశాయి. చెమ్మ రాలేదు. గోడ ఆరితే ఆ పిల్లని ఎలాగూ వదిలేస్తారు, తన పేరూ నిలుస్తుంది! పామూ చచ్చింది, కర్రా విరగలేదని మురిసిపోయాడు పిరికి వెధవ.

నాలుగో వాన తర్వాత మళ్ళీ కబురొచ్చింది.

"నీ మాటే నిజం మేస్త్రీ. అది గోడని వదిలేసింది."

"మరి... చెల్లెమ్మగారిని..."

"గోడని వదిలింది ఎక్కడికి పోతుంది? తలుపు వేసే ఉందాయె. మొత్తం దాని ఒంట్లోకే దిగింది." అన్న గొంతు తగ్గించాడు. "ఇటుకలు తెప్పించాను. ఆ కిటికీ కూడా మూసెయ్."

లోపలినుంచి సన్నగా వినిపించింది. "చెప్పు బాబాయ్..."

మేస్త్రీ వీధి వైపు చూశాడు. తల వంచుకుని తాపీ తీశాడు.

వరస మీద వరస లేచింది. ఒక్క ఇటుక పట్టే సందు మిగిలింది. ఆ సందులోంచి చెయ్యి బయటికొచ్చింది. తెల్లటి, పొడి చెయ్యి. అయిదు వేళ్ళూ గాలిలో తడుముకుంటున్నాయి.

అవి అలిసి లోపలికి పోయేదాకా ఆగాడు. ఆఖరి ఇటుక పెట్టాడు. పైన పూత వేశాడు.

అద్దంలా వచ్చింది.